పాయింట్స్ చూడకుండా కార్బొరేటర్ మార్చొద్దు తమ్ముడూ

చిత్తూరు తమ్ముడు అడిగింది ఇదీ: నాయన వాడిన 1984 బుల్లెట్ 350ని వారం నిలబెడితే కిక్ కొట్టి కొట్టి కాలు పడిపోతోంది, మెకానిక్ కొత్త కార్బొరేటర్ (పెట్రోలు, గాలి కలిపే భాగం) వేయమంటున్నాడు, వేయాలా?

వద్దు. ఆ దుడ్లు జోబులోనే పెట్టుకో. పాత బుల్లెట్ లేవకపోతే పదింటికి తొమ్మిదిసార్లు తప్పు కరెంటుది, పెట్రోలుది కాదు. ఈ మాట తిరుపతిలో ఏ షెడ్డులో అన్నా నన్ను చూసి నవ్వుతారు, నవ్వనీ. కార్బొరేటర్ విప్పి కడగడం సులువు, బిల్లు వేయడం ఇంకా సులువు. పాయింట్స్ అంటే ఇంజన్ తిరిగేకొద్దీ తెరుచుకుంటా మూసుకుంటా ప్లగ్గుకు నిప్పు పుట్టించే చిన్న స్విచ్. వాటిని సరిచేయాలంటే కింద కూర్చోవాలి, సందు కొలిచే గేజు పెట్టాలి, ఓపిక పట్టాలి. ఇప్పటి కుర్ర మెకానిక్‌లలో పాయింట్స్ కళ్లతో చూసినోళ్లే తక్కువ.

మా గంగమ్మ జాతరలో జరిగింది చెప్తా విను. మే నెల, మిట్టమధ్యాహ్నం. నాదీ కాస్ట్ ఐరన్ ఇంజన్ పాత బుల్లెట్టే. వెనక మా మామ. తాతయ్యగుంట గుడికి పోయే దారిలో, సరిగ్గా జనం మధ్యలో, టప్పున ఆగిపోయింది. కిక్ కొడతా ఉండా, కొడతా ఉండా, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇంతలో బండ వేషం కట్టిన పిల్లోడొకడు ఒళ్లంతా కుంకుమ పూసుకుని వచ్చి నా ముందర నిలబడినాడు. నన్నూ, బండినీ, బండి అమ్మినోడినీ వరసలు కలిపి అందుకున్నాడు చూడూ! జాతరలో వేషం కట్టినోడు ఎంత తిట్టినా తిరిగి ఒక్కమాట అనకూడదు. పిల్లనిచ్చిన మామ ముందర ఆ బూతులన్నీ వింటా, తల వంచుకుని కిక్ కొట్టడమే నా పని. మామ తువాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతా ఉండాడు.

"దిగండి మామా, తోద్దాం."

"ఉండు అల్లుడా, వాడిది అయిపోనీ."

చివరికి చెరుకురసం బండి నీడలోకి తోసి పాయింట్స్ మూత తీసినా. మామను చేత్తో కిక్ అదమమని నేను లోపలికి తొంగిచూస్తే పాయింట్స్ మధ్య నిప్పురవ్వలు చిటచిటా ఎగురుతా ఉండాయి. పాయింట్స్ దగ్గర నిప్పు లేవకుండా ఆపే చిన్న డబ్బా, అదే కండెన్సర్, బాగుంటే అక్కడ మెరుపు కనపడీ కనపడనట్టు ఉండాలి. అంత నిప్పు అక్కడే కాలిపోతా ఉంటే ప్లగ్గుకు ఇంకేం మిగులుతుంది? రసం తాగి ఇంజన్ చల్లారేదాకా కూర్చున్నాం, ఒక్క కిక్కుకే లేచింది. కండెన్సర్ పోయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు: వేడికి చచ్చిపోద్ది, చల్లారితే బతుకుద్ది. అది అప్పటికి కొద్దిరోజుల ముందే, "ఒరిజినల్ సార్" అని అంగడాయన ఒట్టేసి అంటగట్టిన సరుకు. అట్టపెట్టె మాత్రం బలే ఉండింది. తర్వాత మద్రాసు పుదుపేటలో పాత కారు కండెన్సర్ ఒకటి తెచ్చి, ఇంజన్ వేడి తగలకుండా ట్యాంకు కింద బిగించినా. అదే ఇప్పటికీ నడుస్తోంది.

నీది చల్లబండి, నాది వేడిబండి కదన్నా అంటావేమో. వేళ వేరు, రోగం కరెంటుదే. నీది 6 వోల్టుల బ్యాటరీ అయ్యుంటుంది, వారం ఊరికే ఉంటే దిగిపోద్ది. హెడ్‌లైట్ వేసి చూడు, ఎర్రగా గుడ్డిగా వెలిగితే ఛార్జింగ్ పెట్టు. అంతవరకూ పనికొచ్చేందుకే స్విచ్‌లో ఇఎంజి (ఎమర్జెన్సీ) అని ఇంకో స్థానం ఇచ్చినారు. లేచినాక మళ్లీ ఐజిఎన్ (మామూలు ఇగ్నిషన్)కు తిప్పడం మర్చిపోవద్దు. పాయింట్స్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, బాగా తెరుచుకున్నప్పుడు కొలవాలి. ప్లగ్గు తీసి, క్యాప్‌లో పెట్టి, ఇంజన్‌కు ఆనించి కిక్ తొక్కు. నిప్పు నీలంగా, చప్పుడుతో రావాలి. పసుపుపచ్చగా వస్తే అది దండగ నిప్పు.

కిక్ కొట్టడం కూడా చాలామందికి రాదు. పెళ్లిలో కొత్తల్లుడిలా ఎగిరెగిరి దూకుతారు. బీగంచెవి తిప్పి, కరెంటు చూపే ఆంపియర్ మీటర్ ముల్లు చూడు. కిక్ మెల్లిగా అదిమితే ఒకచోట గట్టిగా ఆగుద్ది. అక్కడ, ఇంజన్‌లో బిగిసిన గాలిని వదిలే డీకంప్రెసర్ లివర్ పట్టి, ముల్లు మధ్యకు వచ్చేదాకా రవ్వంత తొక్కి, లివర్ వదిలెయ్. కిక్ పైకి రానిచ్చి, యాక్సిలేటర్ ముట్టకుండా, మోకాలు బిగబట్టకుండా పైనుంచి కిందిదాకా ఒకే తొక్కుడు. తిరిగి మడమ మీద తన్నిందంటే టైమింగ్, అంటే నిప్పు పడే వేళ, ముందుకు పోయిందని అర్థం.

పెట్రోలు పాపమేమీ లేదా అంటే, ఉంది. ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్, అది నీళ్లు పీల్చుకుంటుంది, పాత ట్యాంకు తుప్పు పడుతుంది. వారం నిలబెట్టేదుంటే పెట్రోలు ట్యాప్ కట్టేసి, కార్బొరేటర్ అడుగు బౌల్‌లో ఉండేది వంచెయ్. లోపలి సన్నటి పెట్రోలు రంధ్రం, అదే పైలట్ జెట్, మూసుకుంటే ఊది శుభ్రం చేస్తే చాలు, దానికి కొత్త కార్బొరేటర్ ఎందుకబ్బా?

ఆ మెకానిక్‌ను ఒక్కటే అడుగు: "అన్నా, పాయింట్స్ గ్యాప్ ఎంత పెట్టినారు?" గేజు తీసి చూపిస్తే ఆయన చెప్పేది విను. "కంటికి చూసి పెట్టేస్తాం" అంటే బండి ఇంటికి తెచ్చేసుకో, తోసుకుంటా అయినా సరే.