మిసో సూప్‌లో చేప ఉందని తెలిశాక

ప్రశ్న: మాది తెనాలి. వయసు 26. ఆగస్టు నుంచి జపాన్ ఉత్తరాన ఓ చిన్న ఊళ్లో, జూనియర్ హైస్కూల్లో అసిస్టెంట్ ఇంగ్లిష్ టీచర్‌గా చేస్తున్నాను. పుట్టు శాకాహారిని. మధ్యాహ్నం క్లాసులో పిల్లలతో కలిసి స్కూలు భోజనమే తినాలి. ఏరుకుని తింటున్నాను. రోజూ నమ్మకంగా తాగే మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లోనూ చేప ఉందని మొన్న తెలిసింది. అప్పట్నుంచీ ముద్ద దిగట్లేదు. మూడు నెలల్లో 56 కిలోల నుంచి 51కి వచ్చాను. అమ్మ రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేస్తుంది. బాగానే తింటున్నానని అబద్ధం చెబుతున్నాను. వచ్చేయనా?

జవాబు: వచ్చేయాలా వద్దా అన్నది ఇప్పుడు తేల్చకండి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఏ ఊరైనా పరాయిగానే ఉంటుంది. ముందు అన్నం సంగతి చూద్దాం.

సూప్ తెలియక తాగారు. మనసు కుదుటపడకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది చేసుకోండి. అంతకుమించి మిమ్మల్ని మీరు శిక్షించుకోకండి. మిమ్మల్ని ఎవరూ మోసం చెయ్యలేదు. అక్కడి వంటకు ఆధారం దాషి అనే నీళ్లు. ఎక్కువగా కత్సువో అనే చేపను పొగబెట్టి, ఎండబెట్టి తురిమిన పొట్టుతోనో, నిబోషి అనే చిన్న ఎండుచేపలతోనో కాస్తారు. వాళ్ల లెక్కలో అది చేప తినడం కాదు, కూరలో ఉప్పు లాంటిది. నికు అన్నా మాంసమే తప్ప చేప అందులోకి రాదు. అందుకే ‘వెజిటేరియన్‌ని’ అంటే ముక్కలు తీసేసి పెడతారు. ఈ వాక్యం కంఠతా పట్టండి: ‘నికు మో, సకానా మో, సకానా నో దాషి మో తాబెరారెమాసెన్.’ మాంసం, చేప, చేప దాషి ఏదీ తినలేను అని. కొంబు అనే సముద్రపు నాచుతోనో, ఎండు షీతాకే పుట్టగొడుగులతోనో కాచిన దాషి మీకు పనికొస్తుంది. మిసో కొనేటప్పుడు ‘దాషి ఇరి’ అని ఉన్న డబ్బా వద్దు, అందులో దాషి ముందే కలిపేస్తారు.

ఎలర్జీ పట్టికను నమ్మి మోసపోయేవాళ్లూ ఉన్నారు. చట్టం తప్పనిసరి చేసినవి గుడ్డు, పాలు, గోధుమ, బక్‌వీట్, వేరుశనగ, రొయ్య, పీత, వాల్‌నట్ లాంటివి. చేప లేదు. అసలు పదార్థాల జాబితాకే ఫోన్ కెమెరా అనువాదం పెట్టి చూడండి. అన్నిటికంటే పెద్ద ఉచ్చు కూర రూ బిళ్లలు, అంటే జపాన్ కూరను చిక్కబరిచే మసాలా బిళ్లలు. ప్లేట్లో బంగాళాదుంప, క్యారెట్టే కనిపిస్తాయి, బిళ్లలో మాత్రం చాలావాటికి గొడ్డు కొవ్వో పంది కొవ్వో ఉంటుంది.

స్కూల్లో క్యోతో సెన్సేయితో, అంటే వైస్ ప్రిన్సిపల్‌తో మాట్లాడండి. ‘నాకు నచ్చలేదు’ అనకండి, ‘మతాచారం వల్ల తినలేను, ఇంటి నుంచి బెంతో (భోజనం డబ్బా) తెచ్చుకుని పిల్లలతోనే కూర్చుంటాను’ అనండి. అలా చెబితే ఎవరూ నొచ్చుకోరు. వంటకు సరుకులు ముందే ఆర్డరిస్తారు కాబట్టి రేపటి నుంచి మానేస్తానంటే కుదరదు, వచ్చే నెల నుంచి అని అడగాలి. ఈలోపు నెల మెనూ కాగితం తెచ్చుకోండి. చాలా స్కూళ్లలో పదార్థాలను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వరుసల్లో వేస్తారు. చేప, మాంసం ఎరుపులో దొరుకుతాయి. దాషి మాత్రం ఆ కాగితంలో కనపడకపోవచ్చు. తెల్లన్నం, పండు, 200 మిల్లీలీటర్ల పాలు ధైర్యంగా తీసుకోవచ్చు. రంగు అన్నమైతే అడిగాకే తినండి.

ఇక డబ్బాలోకి. అక్కడి బియ్యం జిగురుగా ఉంటాయని మనవాళ్లు విసుక్కుంటారు గానీ, పెరుగన్నానికి అంతకంటే మంచివి లేవు. పులిహోరకైతే కుక్కర్ గీతకు కొంచెం తక్కువగా నీళ్లు పోసి, ఉడకగానే పళ్లెంలో పరిచి చెంచా నూనె కలపండి. కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, గుర్తుంచుకోండి. చక్కెర లేని పెరుగు రెండు చెంచాలు తోడుకు చాలు. లీటరు పాలు వేలు పెట్టగలిగే వేడిలో తోడుపెట్టి తువ్వాలు చుట్టండి. రైస్ కుక్కర్ ‘వార్మ్’ మీద పెడితే ఆ వేడికి తోడు చచ్చిపోతుంది.

మోమెన్ తోఫూ, అంటే గట్టి సోయా పనీర్, గుడ్డలో చుట్టి 20 నిమిషాలు బరువు కింద పెట్టి పసుపు, కారం, ఉప్పుతో వేయించండి. 300 గ్రాముల దిమ్మలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు. కందిపప్పు, ఆవాలు ఆన్‌లైన్ ఇండియన్ దుకాణాల్లో దొరుకుతాయి. బెండకాయ ఒకురా, వంకాయ నాసు, చామదుంప సతోయిమో. ముల్లంగికి కరువే లేదు. పచ్చి కరివేపాకు మాత్రం ఇంటి నుంచి తెప్పించకండి. మొక్కల తనిఖీ సర్టిఫికెట్ లేకపోతే ఆపేస్తారు. అమ్మ మిక్సీ పంపుతానంటే వద్దనండి. అక్కడి కరెంటు 100 వోల్టులు, మన మిక్సీ మూలుగుతుంది. ఇండక్షన్ పొయ్యి అయితే మామూలు అల్యూమినియం ప్రెషర్ కుక్కరూ దండగే.

మూడు నెలల్లో ఐదు కిలోలంటే మీ బరువులో దాదాపు 9 శాతం. తిండి వల్లేనని మీరే తీర్మానించుకోకండి. డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. అక్కడి ఆరోగ్య బీమాలో మీ వాటా మామూలుగా 30 శాతమే.

అమ్మ ఫోన్ సంగతి. ఇక్కడ రాత్రి 9 అంటే అక్కడ పన్నెండున్నర. రోజూ ఒంటిగంటకు పడుకుని పొద్దున్నే స్కూలుకెళ్తే బెంగ రాకుండా ఎలా ఉంటుంది? ఇక్కడి సాయంత్రం నాలుగుకు మార్చండి, మీకు ఏడున్నర అవుతుంది, వంట చేసుకుంటూ మాట్లాడొచ్చు. బరువు తగ్గిన మాట కూడా చెప్పేయండి. డబ్బా ఫొటోతో కలిపి చెబితే ఆవిడ తట్టుకుంటుంది. ఆ మాట ఇంకెవరి నోటో వింటేనే విరిగిపోతుంది.

స్టాఫ్ విందులకు పూర్తిగా ఎగ్గొట్టకండి. ఏర్పాటు చేసేవారికి ముందే పై వాక్యం చెప్పండి, ఊలాంగ్ టీ పట్టుకుని గంట కూర్చోండి. ఊళ్లో మీకు పరిచయాలు పెరిగేది క్లాసులో కంటే అక్కడే.

అక్కడ స్కూలు ఏడాది మార్చితో ముగుస్తుంది. ఫిబ్రవరిలో ఒకసారి త్రాసెక్కి, అప్పుడు మళ్లీ రాయండి, ఉండాలా రావాలా అన్నది మాట్లాడుకుందాం. క్యోతో సెన్సేయిని మాత్రం ఈ వారమే కలవండి, ఆలస్యమైతే డిసెంబరు భోజనాల లెక్క కట్టేస్తారు.