కంప్యూటర్ ఆల్-ఇన్-వన్ కొనాలా, మానిటర్ వేరుగా ఉన్న సెట్టా?

శ్రీకాకుళంలో చిన్న ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకుంటున్నాం, ఏది మేలు అని అడిగారు. విడి సెట్టే తీసుకోండి.

ఆల్-ఇన్-వన్ అంటే స్క్రీన్ వెనకే కంప్యూటరంతా ఇమిడి ఉండేది; ముచ్చటగా ఉంటుంది, బల్ల మీద వైర్ల గోల ఉండదు. కానీ చాలావాటిలో లోపలున్నది లాప్‌టాప్ సరుకే: పొట్టి ర్యామ్ (మెమరీ ముక్క), సన్నటి ఫ్యాన్, మదర్‌బోర్డుకే అతికించిన ప్రాసెసర్. డిస్‌ప్లే మీద గీత పడితే పెట్టె మొత్తం షాపుకెళ్తుంది, అన్నాళ్ళూ పని బంద్. బోర్డు పోయిందా, హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ (బయటి కంప్యూటర్ బొమ్మని లోపలికి తీసుకునే సాకెట్) లేని మోడలైతే బాగున్న స్క్రీనూ దండగే. విడి సెట్‌లో ఎవరిదో పాత మానిటర్ తెచ్చి తగిలించినా పని నడిచిపోతుంది.

కళింగపట్నం వైపైతే ఉప్పుగాలి సంగతి కూడా చూసుకోవాలి. ర్యామ్ కాంటాక్టులు మసకబారితే స్క్రీన్ నల్లగానే ఉండిపోయి బీప్‌లు వస్తాయి. ప్లగ్ పీకి, క్యాబినెట్ పక్క రేకు స్క్రూలు రెండు విప్పి, ర్యామ్ తీసి, కాంటాక్టుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రజను దులిపి తిరిగి పెట్టండి. ఆల్-ఇన్-వన్‌లో ఇదే పనికి వెనక మూత క్లిప్పులు విరగ్గొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

కరెంటు ఆదా మాత్రం ఆల్-ఇన్-వన్‌దే. విడి సెట్‌కి 600 వీఏ (లోడు సామర్థ్యం కొలత) యూపీఎస్ పెట్టి, బ్యాకప్ సాకెట్లకి సీపీయూ, మానిటర్ మాత్రమే ఇవ్వండి. లేజర్ ప్రింటర్ దానికి తగిలించారో, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లోడు లాగి అన్నిటినీ ఆపేస్తుంది.