మాటల్లేని పాట పాటేనా?

ప్రశ్న: మా పాప ఇంటర్ చదువుతోంది. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఈ మధ్య ఉర్షులా దుజ్యాక్ అనే పోలాండ్ గాయని పాడిన ‘పపాయ’ ఫోన్‌లో విని, కీర్తనలు పక్కన పెట్టి రోజంతా అదే పాడుతోంది. అందులో సాహిత్యం అంటూ ఏమీ లేదు. ఇదీ ఒక పాటేనా? గొంతు పాడవుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: ముమ్మాటికీ పాటేనమ్మా. మా పాలమూరులో బతుకమ్మ ఆడేటప్పుడు పాట చెప్పే పెద్దమ్మకు తర్వాతి చరణం గుర్తు రాకపోతే ఏం చేస్తుందో మీరూ చూసే ఉంటారు. రాగం ఆపదు. చరణం నాలుక మీదికి వచ్చేదాకా ఊరికే కూనిరాగం తీస్తూనే ఉంటుంది, చప్పట్లు తప్పవు, చుట్టూ తిరిగేవాళ్ల అడుగు తప్పదు. బుర్రకథలో ‘తందాన తాన’కు అర్థం ఎవరడిగారు? మన ఆలాపనలో ‘తదరినన’ కూడా అంతే కదా.

ఉర్షులా 1943లో పోలాండ్‌లోని స్త్రాత్సోంకాలో పుట్టింది. మొదట నేర్చుకున్నది పియానో. అమెరికా జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ రికార్డులు విన్నాక పాట వైపు మళ్లింది. జాజ్ అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడే, వాయించే అమెరికా సంగీతం. 1950ల చివర్లోనే పోలాండ్ జాజ్ పియానిస్ట్ క్ష్చిష్టోఫ్ కొమెడా బృందంతో పాడింది. వయొలిన్, సాక్సోఫోన్ వాయించే మిహావ్ ఉర్బానియాక్‌ను పెళ్లి చేసుకుంది. 1970ల్లో ఇద్దరూ న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. అక్కడ ఆమె తన గొంతును ఎకో యంత్రాలకు కలిపి, ఒక్క మనిషి నుంచే పొరలు పొరలుగా స్వరాలు పలికించింది. ‘పపాయ’ వచ్చింది 1976లో. ముప్పై ఏళ్ల తర్వాత, 2007 ప్రాంతంలో, ఫిలిప్పీన్స్‌లో జనం దానికి డ్యాన్సులు కట్టారు. మాటలుంటే ఆ భాష వచ్చినవాళ్లకే అందేదేమో.

ఇక గొంతు సంగతి. ఇక్కడ మీ భయంలో న్యాయం ఉంది. ఉర్షులా గొంతు అయిదు స్థాయిలు పలుకుతుందని పేరు. ‘స’ నుంచి పై ‘స’ దాకా ఒక స్థాయి. మామూలు హార్మోనియం మెట్లన్నీ కలిపినా మూడున్నర స్థాయిలే! పాపను ఆ పై స్వరాలను అరిచి అందుకోనివ్వకండి. పొద్దున శ్రుతి పెట్టుకుని మంద్రంలో, అంటే కింది స్థాయిలో, మెల్లగా మొదలుపెట్టమనండి. బొంగురు రెండు వారాలకు మించి ఉంటే చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కు చూపించండి.

కీర్తనలు మానొద్దు. దానితో పాటు ఒక సాధన చేయించండి. ఆదితాళం వేస్తూ మోహన రాగంలో స్వరాల పేర్లు పలకకుండా ‘అ’కారంతో తోచినట్టు పాడాలి, కానీ ఎత్తుకున్న చోటికి సరిగ్గా వచ్చి వాలాలి. ఎన్ని వంకర్లు తిరిగినా ఆ చోటు తప్పడం లేదంటే పాప పాడుతున్నది సంగీతమే, మీకు ఇంకే అనుమానం అక్కర్లేదు. ఎప్పుడూ తప్పుతుంటే, లయ మీద ఇంకా కూర్చోవాలి. జాజ్ పాడేవాళ్లకైనా ఇందులో మినహాయింపు లేదు. పైకి ఇష్టమొచ్చినట్టు పాడుతున్నట్టే ఉంటుంది, లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది.

‘పపాయ’ ఒక్కదానితో ఆపకుండా 1974 నాటి ‘న్యూబార్న్ లైట్’ ఆల్బమ్ కూడా వినిపించండి. అందులో ప్రధానంగా ఉర్షులా గొంతు, ఆదమ్ మకోవిచ్ కీబోర్డు, అంతే. వాయిద్యాల హోరు లేదు కాబట్టి ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో కూడా పాప పట్టుకోగలదు. వీలైతే మీరూ పక్కన కూర్చుని వినండమ్మా.