పార్లర్‌కు వచ్చే ఆడమనిషి ఇంట్లో దెబ్బలు తింటోందని ఎలా గుర్తుపట్టాలి, ఏం చేయాలి?

హనుమకొండ, వరంగల్ పార్లర్లలో పనిచేసేవాళ్లు తల దువ్వేటప్పుడే కొన్ని గుర్తులు చూడొచ్చు. పేనుకొరుకుడు మచ్చ సాధారణంగా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. జుట్టు పట్టి లాగిన చోట వెంట్రుకలు ఎగుడుదిగుడుగా తెగి ఉంటాయి, ముట్టుకుంటే నొప్పి. చెవి వెనక కమిలిన మచ్చలు, జబ్బ మీద వేళ్ల అచ్చులు కూడా గమనించండి. ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పకండి.

గొంతు బొంగురుపోయి, మింగలేక, కళ్లలో ఎర్ర చుక్కలుంటే గొంతు నులిమి ఉండొచ్చు. బయటికి గాయం కనబడకపోయినా ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, అదే రోజు ఎంజీఎం ఆస్పత్రికి వెళ్లమని గట్టిగా చెప్పండి.

అడిగేది ఆమె ఒక్కతే ఉన్నప్పుడే. భర్త బయట కూర్చుంటే తల కడిగే చోటు మేలు. "అక్కా, ఇక్కడ నొప్పి ఉన్నదా? ఇంట్ల మంచిగనే ఉన్నదా?" చాలు. కాదంటే వదిలేయండి, మళ్లీ వస్తుంది.

చెబితే నమ్మండి. "వదిలేసి వచ్చెయ్" అనొద్దు, విడిపోయే సమయంలోనే దాడులు పెరుగుతాయి. ఆమె ఫోన్ భర్త చూస్తుండొచ్చు, మెసేజ్‌లు పెట్టకండి. మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181 నోటితో చెప్పి గుర్తుపెట్టుకోమనండి. వెంటనే ప్రమాదముంటే అత్యవసర నంబరు 112. హింసకు గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఉచితం.

2005 గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రక్షణాధికారికి (ఈ చట్టం కింద బాధితులకు సాయం చేసే ప్రభుత్వ అధికారి) సమాచారం ఇవ్వొచ్చు, సదుద్దేశంతో ఇస్తే మీపై కేసు ఉండదు. అయినా ముందు ఆమెను అడగండి.