క్లచ్ చేసిన తప్పుకి గేర్‌బాక్స్‌ని తిట్టకండి

ప్రశ్న: మా నాన్నగారి 1977 అంబాసిడర్ మార్క్ 3 ఎనిమిదేళ్ళు మూలన పడుంటే ఈమధ్యే బయటికి తీశాం. విజయవాడ ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ విప్పించి బేరింగులు, సింక్రో రింగులు మార్పించాను. ఎలాగూ దింపారు కదా అని క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కూడా కొత్తవే వేయించాను. బండి తెచ్చుకున్న రోజు నుంచీ ఫస్ట్ గేరు, రివర్స్ వేస్తుంటే కరకరలాడుతోంది. పెడల్ నేలకి ఆనేదాకా తొక్కినా అంతే. సెకండ్, థర్డ్ మాత్రం పడుతున్నాయి, కాస్త గట్టిగానే. మేస్త్రీ ఏమో ఫస్ట్ గేరు పళ్ళు అరిగాయి, గేర్‌బాక్స్ మళ్ళీ విప్పాలంటున్నాడు. ఇంట్లో ఆవిడ అసలు బండే అమ్మేయమంటోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మకండి, గేర్‌బాక్స్ కూడా విప్పించకండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు అనుమానం క్లచ్ మీదే. ఎందుకంటే మీ బండిలో ఫస్ట్‌కీ రివర్స్‌కీ సింక్రో (గేరు పడేముందు రెండు వైపుల వేగాన్నీ సమానం చేసే రింగు ఏర్పాటు) ఉండదు. పెడల్ తొక్కినా క్లచ్ ప్లేట్ ఇంజిన్‌ని పూర్తిగా వదలకపోతే గేర్‌బాక్స్‌లోకి వెళ్ళే షాఫ్ట్ ఇంజిన్‌తో పాటు కొద్దికొద్దిగా తిరుగుతూనే ఉంటుంది, సెకండ్, థర్డ్‌లో ఆ తేడాని సింక్రో రింగులు ఎలాగో మింగేస్తాయి (మీకు గట్టిగా పడుతున్నది అందుకే, మీ కొత్త రింగులు ఊరికే అరిగిపోతున్నాయి కూడా), సింక్రో లేని రెండు గేర్లు మాత్రం అరుస్తాయి.

ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెయ్యండి. ఇంజిన్ వేడెక్కాక, బండి న్యూట్రల్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి మనసులో పది అంకెలు లెక్కపెట్టి, నెమ్మదిగా రివర్స్ వెయ్యండి. క్లచ్ బాగుంటే ఈలోగా షాఫ్ట్ ఆగిపోతుంది, గేరు చప్పుడు లేకుండా పడుతుంది. పది లెక్కపెట్టినా కరకరలాడితే ప్లేట్ వదలడం లేదు, అంతే. ఇంకా నమ్మకం కలగకపోతే ఇంజిన్ ఆపేసి, మిగతా చక్రాలకి రాళ్ళు పెట్టి, వెనక ఒక్క చక్రాన్నే స్టాండు మీద లేపి, టాప్ గేరులో ఉంచి ఒకరిని క్లచ్ తొక్కమనండి. ఆ చక్రం చేత్తో తేలిగ్గా తిరగాలి. రెండు చక్రాలూ లేపారంటే ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగి మిమ్మల్ని మోసం చేస్తాయి, డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెండూ వేర్వేరుగా తిరగనిచ్చే గేర్లు) పనే అది.

తేలింది క్లచ్ తప్పే అనుకుందాం. వెంటనే దింపించకండి, పెడల్ ఆట (క్లచ్ కదలకముందు పెడల్ ఊరికే కిందికి పోయే దూరం) ఎంతుందో చూడండి. సగం దూరం ఆటలోనే పోతుంటే లోపల ఎంత కొత్త సామాను ఉన్నా ప్రెషర్ ప్లేట్‌ని నొక్కి క్లచ్‌ని విడిపించే రిలీజ్ బేరింగ్ సరిపడా ముందుకి జరగదు. లింకులు, పిన్నులు అరిగాయేమో, ఆయిల్ సిలిండర్ ఉంటే అందులో గాలి చేరిందేమో చూడాలి. పదిహేను నిమిషాల పని. చాలామంది ఇది వదిలేసి జాక్ దగ్గరికి పరిగెడతారు.

అక్కడ అంతా సరిగ్గా ఉంటే గేర్‌బాక్స్ దింపాల్సిందే, కానీ విప్పకుండా దింపాలి. ఈ మాట మేస్త్రీకి ముందే గట్టిగా చెప్పండి. దింపాక మూడు చూడమనండి. మొదటిది, ప్లేట్ తిరగేసి వేశారేమో. మధ్యలో స్ప్రింగులున్న ఉబ్బెత్తు వైపు గేర్‌బాక్స్ వైపుకి రావాలి. తిరగేస్తే ఆ ఉబ్బు ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) బోల్టులకి తగులుతుంది, ఇక వదిలే ప్రశ్నే లేదు. నవ్వకండి, నేనూ ఒకసారి వేశాను.

రెండోది, ప్లేట్ వంగిందేమో. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్త ప్లేట్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. గేర్‌బాక్స్‌ని ఇద్దరు కుర్రాళ్ళు కింద పడుకుని చేతులతో ఎత్తుతారు, షాఫ్ట్ ప్లేట్‌లోకి దూరుతుంది, అప్పుడే బోల్టు కనిపించదు. 'అన్నా, బోల్టు ఎక్కడ?' అంటూ వెతికే ఆ రెండు నిమిషాలూ గేర్‌బాక్స్ బరువంతా సన్నటి రేకు ప్లేట్ మీద వేలాడుతుంది. ప్లేట్‌ని షాఫ్ట్‌కి తొడిగి వేలితో తిప్పండి, అంచు పక్కన స్క్రూడ్రైవర్ కొన కదలకుండా పట్టుకుని చూడండి, సందు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయితే వంగినట్టే. సుత్తితో సరిచేస్తామంటే ఒప్పుకోకండి. ఈసారి ఎక్కించేటప్పుడు కింద జాక్ పెట్టించండి, నాలుగు బోల్టులు చేతికి పట్టేదాకా జాక్ తియ్యొద్దు. అంతకుముందు పాత షాఫ్ట్ ఒకటి దూర్చి ప్లేట్‌ని మధ్యకి తెచ్చుకున్నాకే ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

మూడోది ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే చిన్న ఇత్తడి రంగు బుష్. గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కు అందులో తిరుగుతుంది. అది పట్టేస్తే క్లచ్ ఎంత తొక్కినా షాఫ్ట్ ఇంజిన్‌తోనే తిరుగుతుంది. మీ బండి ఎనిమిదేళ్ళు కదల్లేదు కాబట్టి నా పందెం దీని మీదే. బయటికి తియ్యడానికి ఉలి వాడొద్దు. రంధ్రం నిండా గ్రీజు కూరి, సరిగ్గా పట్టే కడ్డీ ఒకటి పెట్టి సుత్తితో కొడితే లోపలి గ్రీజే బుష్‌ని వెనక్కి తోసేస్తుంది. కొత్త బుష్‌ని టీ గ్లాసులో ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా నానబెట్టి తెల్లారి వెయ్యండి. షాఫ్ట్ పళ్ళకి మాత్రం గ్రీజు వేలిముద్ర పడేంత చాలు, ఎక్కువైతే అది ఎగిరి ప్లేట్ మీదే పడుతుంది, అప్పుడు బండి కదిలేటప్పుడు వణుకుతుంది.

ఇంకోమాట. కొట్టుకెళ్ళి 'అంబాసిడర్ ప్లేట్' అని అడిగితే సరిపోదు. మీ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ వేరు, డీజిల్ వేరు, 1990ల్లో వచ్చిన ఇసుజు 1800 ఇంజిన్ బండి పూర్తిగా వేరు. పాత ప్లేట్ పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి సైజు, పళ్ళ లెక్క, హబ్ (ప్లేట్ నడిమి భాగం) ఎత్తు చూసుకోండి. ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కూడా ఒకదానికొకటి కుదరాలి, కార్బన్ రింగు బేరింగ్‌కి సరిపడే ప్రెషర్ ప్లేట్ వేరు, గుండ్ల బేరింగ్‌ది వేరు.

ప్రశ్న: నా ప్రీమియర్ పద్మిని కారుకి క్లచ్ ప్లేట్ దొరకడం కష్టంగా ఉంది. పాతదానికే రీలైనింగ్ (అరిగిన లైనింగ్ తీసి కొత్తది అతికించడం) చేయిస్తే ఆగుతుందా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆగుతుందండీ, హబ్ స్ప్రింగులు వదులు కాకుండా, లోపలి పళ్ళు అరగకుండా ఉంటే. రివిట్ తలలు లైనింగ్‌లో బాగా దిగి ఉండాలి, వేలు రాస్తే తగలకూడదు, తగిలితే ఫ్లైవీల్ మీద గీతలు పడతాయి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకి చేటు, కాబట్టి ఆ దుమ్ముని గాలి పైపుతో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడిపించండి. ప్లేట్ ఇచ్చే ముందు రెండు వైపులా ఫోటో తీసుకోండి, హబ్ మీద చిన్న గుర్తు కూడా పెట్టండి. తిరిగొచ్చేది మీ ప్లేటేనా కాదా అన్న గొడవ ఇక్కడ కొత్తేం కాదు.