రేసు మానేసిన గుర్రం: ప్రకటనలో స్వభావం ఎలా రాయాలి?

రేసులు మానేసిన మీ గుర్రాన్ని అమ్ముదామని ప్రకటన ఇస్తే, చూడటానికి వచ్చినవాళ్లు కొనకుండా వెళ్లిపోతున్నారని రాశారు. దానికి కారణం ధర కాదు. మీ ప్రకటనలోని "చాలా సాధువు, పిల్లలు కూడా ఎక్కొచ్చు" అన్న మాటే. ఎక్కబోతే నిలబడదు, పగ్గాలు లాగితే ఇంకా వేగం పెంచుతుంది అని ప్రశ్నలో మీరే రాశారు కదా! రేసు థరోబ్రెడ్‌కి (రేసుల కోసం పెంచే గుర్రపు జాతి) అది పొగరు కాదు, అలవాటు. రేసుల్లో చాలాసార్లు నడుస్తుండగానే జాకీని ఎక్కిస్తారు, పగ్గం బిగిస్తే దానిమీద ఆనుకుని పరుగెత్తడం నేర్చుకుంటుంది.

చాలామంది వదిలేసేది ఇదే: స్వభావాన్ని పొగడ్తగా కాకుండా సందర్భాలవారీగా రాయడం.

1. లాయంలో, జీను వేసేటప్పుడు, ఎక్కేటప్పుడు, నాడాలు కొట్టేటప్పుడు, లారీ ఎక్కించేటప్పుడు, ట్రాఫిక్‌లో ఎలా ఉంటుంది? ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు. చూడనిదైతే "చూడలేదు" అనండి.

2. ఇప్పుడు ఎవరు స్వారీ చేస్తున్నారు, వారానికి ఎన్నిసార్లు? నెలరోజులు ఖాళీగా ఉన్న గుర్రం వేరేలా ప్రవర్తిస్తుంది.

3. అమెరికా ప్రకటనల్లోలా స్వభావానికి "10లో 3" అని మార్కులు (1 అంటే సాధువు, 10 అంటే దుడుకు) వేయకండి. మీ 3 ఇంకొకరికి 7.

4. కడుపు కింద జీను పట్టీ బిగిస్తే కరవబోతోందన్నారు. ముందు పశువైద్యుడికి చూపించండి. కడుపులో అల్సర్ గానీ నడుము నొప్పి గానీ ఉండొచ్చు.

5. కొనేవాళ్లు వచ్చేముందు గుర్రాన్ని పరుగెత్తించి అలసిపోయేలా చేయొద్దు. లాయం నుంచి తీయడం దగ్గర్నుంచి అన్నీ వాళ్ల ఎదుటే చేయండి.

మీ ప్రకటనకి ఇలా సరిపోతుంది: "ఎక్కేటప్పుడు ఒకరు పట్టుకోవాలి. పగ్గం లాగితే వేగం పెంచుతుంది. అనుభవం ఉన్నవాళ్లకే."