అమ్మకు మోకాళ్ల నొప్పులు.. పాత ఇండియన్ టాయిలెట్ ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. దసరాలోపు ఇంటికి రిపేర్లు, రంగులు పూర్తి చేయాలనుకుంటున్నాం. నాన్న కట్టించిన ఇల్లు, ఒకటే బాత్రూం. అందులో అప్పటి ఇండియన్ టాయిలెట్ ఇంకా గట్టిగానే ఉంది. మేస్త్రీ అది తీసేసి వెస్టర్న్ కమోడ్ పెడదామంటున్నాడు. అమ్మ (64 ఏళ్లు) వద్దంటోంది. నాన్న పెట్టించింది, పైగా అలవాటైపోయింది అంటుంది. గొంతుక్కూర్చుంటేనే కడుపు సాఫీగా ఉంటుందని మా బాబాయి కూడా అంటున్నారు. అమ్మకు బీపీ ఉంది, మందులు వాడుతోంది. మోకాళ్ల నొప్పులకు ఏడాదిగా రోజూ మెడికల్ షాపు గోలీ వేసుకుంటుంది, దాంతో బాగానే ఉంటోంది. ఈ మధ్య సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతున్నాయి. టాయిలెట్ విషయంలో ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు

జవాబు: టాయిలెట్ సంగతి కొంచెం ఆగి చెప్తాను. మీరు చివర్లో మామూలుగా రాసేసిన రెండు విషయాలు డాక్టర్‌గా నన్ను ఆపేశాయి. ఏడాదిగా రోజూ నొప్పి గోలీ, ఇప్పుడు పాదాల వాపు. అమ్మగారికి బీపీ కూడా ఉంది. ఈ మూడూ కలిసినప్పుడు ముందుగా చూడాల్సింది కిడ్నీలను.

గోలీ పేరు మీరు రాయలేదు. మెడికల్ షాపులో మోకాళ్ల నొప్పికి ఇచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకం ఉంటాయి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులివి, అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. కిడ్నీల్లోకి రక్తం సరిగ్గా పోవడానికి శరీరం తయారుచేసుకునే కొన్ని పదార్థాలను ఈ గోలీలు అడ్డుకుంటాయి. నొప్పి తగ్గేదీ అందువల్లే, కిడ్నీ దెబ్బతినేదీ అందువల్లే. ఒంట్లో నీరు, ఉప్పు నిలిచి కాళ్లు ఉబ్బుతాయి, బీపీ పెరుగుతుంది, బీపీ మందు సరిగ్గా పనిచేయదు. అమ్మగారు వాడే బీపీ మందు టెల్మిసార్టాన్ లాంటిదై, దాంతో పాటు మూత్రం ఎక్కువ పోయే మందు కూడా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. మన వరంగల్ ఎండల్లో రెండు రోజులు విరేచనాలు పట్టుకుంటే చాలు, క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) ఒక్కసారిగా పెరిగిన వాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. మూత్రం మామూలుగానే వస్తోంది కదా అని ధైర్యంగా ఉంటారు. కిడ్నీ సగానికి పైగా దెబ్బతిన్నా నొప్పి ఉండదు, మూత్రం ఆగదు.

వాపుకు ఇదే కారణమని చూడకుండా చెప్పలేను. అమ్లోడిపిన్ అనే బీపీ మందుతో కూడా పాదాలు ఉబ్బుతాయి. గుండె, థైరాయిడ్ సమస్యలతోనూ రావచ్చు. అందుకే ఈ వారంలోనే ఆమెను ఫిజీషియన్‌కు చూపించండి. బీపీ కొలిపించండి. క్రియాటినిన్, పొటాషియం, షుగర్, హిమోగ్లోబిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూస్తారు. ప్రభుత్వ దవాఖానలోనూ ఈ పరీక్షలు చేస్తారు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న గోలీల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. "తెల్ల గోలీ, ఎర్ర గోలీ" అంటే మాకు ఏమీ తెలియదు. నొప్పి గోలీ స్ట్రిప్ మీద డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అని ఉంటే డాక్టర్ చూసేదాకా అది ఆపండి. బీపీ మందు మాత్రం సొంతంగా ఆపొద్దు. పేరు లేకుండా కాగితంలో కట్టిచ్చే గోలీలు, పొడులు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. వాటిలో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. దాన్ని నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరే మెల్లగా తగ్గించాలి. నల్లటి విరేచనం, ఆయాసం, ముఖం వాపు, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వారం ఆగొద్దు, అదే రోజు వెళ్లండి.

"బాగానే ఉంటోంది" అని రాశారు. బాబూ, ఏడాది పాటు రోజూ గోలీ పడితే తప్ప నడవలేని మనిషిని బాగున్నట్టు ఎలా అనుకుంటాం? ఒక్కసారైనా మోకాలు చూపించారా? ఎక్స్‌రే తీయించారా? మన వైపు ఆడవాళ్లు నాట్లు, కలుపు, పత్తి అంటూ వయసంతా వంగి, గొంతుక్కూర్చుని పనిచేసినవాళ్లు. గుజ్జు అరగడం సహజమే అని వదిలేస్తారు. కానీ తొడ కండరాలకు వ్యాయామం, కొంచెం బరువు తగ్గడం, పైన రాసే జెల్, అవసరమైనప్పుడు డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్, వీటితోనే చాలామందికి నొప్పి అదుపులోకి వస్తుంది. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నిటారుగా చాపి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించడం ఇవాళే మొదలుపెట్టవచ్చు.

ఇక మీ టాయిలెట్. పొద్దున గొంతుక్కూర్చోవాలి కాబట్టి ముందే గోలీ వేసుకునే అమ్మలను, బాత్రూంకు పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడమే తగ్గించేసే అమ్మలను రోజూ చూస్తుంటాను. అమ్మగారిని నెమ్మదిగా అడిగి చూడండి. నీళ్లు తక్కువ, పైన ఆ గోలీ, రెండూ కిడ్నీకి దెబ్బే. అందుకే, ఒకటే బాత్రూం ఉన్నప్పుడు ఆ పాతది తీయించేయండి. రెండు ఉంటే ఒకటి పిల్లల కోసం ఉంచుకోమనేవాణ్ణి. నాన్నగారి గుర్తుగా ఆయన పెట్టించిన దర్వాజలు, కిటికీలు అలాగే ఉంచి రంగు వేయించండి.

బాబాయిగారు చెప్పింది అబద్ధం కాదు. గొంతుక్కూర్చున్నప్పుడు పేగు చివరి వంపు సరళమై ఎక్కువ ముక్కాల్సిన పని ఉండదు. మోకాళ్లు బాగున్నవాళ్లకు అది మంచిదే. అమ్మగారికి మాత్రం లేచేటప్పుడే అసలు భయం. బీపీ మందులు వాడేవాళ్లకు గొంతుక్కూర్చుని లేవగానే కళ్లు తిరగవచ్చు, కింద తడి నేల. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ మునుపటిలా నడవలేనివాళ్లు ఎందరో ఉన్నారు. కమోడ్ మీద కూర్చున్నప్పుడు మోకాళ్లు ఒప్పుకుంటే పాదాల కింద చిన్న పీట వేసుకోవచ్చు, దాదాపు అదే ఫలితం. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు, జొన్నరొట్టె మేలు. కిడ్నీ పరీక్షలో తేడా ఉంటే మాత్రం ఏం తినాలో డాక్టర్‌నే అడగండి.

రెండు రకాలుగా పనికొచ్చే ఆంగ్లో ఇండియన్ కమోడ్ పెట్టించొద్దు. అలవాటు కొద్దీ పైకెక్కి జారి పడతారు. పని పూర్తయ్యేదాకా సర్జికల్ షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీ వాడండి. కొత్తది 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో, అమ్మగారి పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా ఉండాలి. జారని టైల్స్, రాత్రి వెలిగే లైటు, బయటికి తెరుచుకునే తలుపు చెప్పండి. టవల్ రాడ్‌ను పట్టుకుని లేస్తే ఊడిపోతుంది, గోడకు గట్టిగా బిగించిన హ్యాండిల్ వేరే పెట్టించాలి. ఎత్తు మేస్త్రీకి వదిలేయకండి. అమ్మగారిని కూర్చోబెట్టి లేవమనండి, చెయ్యి ఎక్కడ ఆనుకుంటే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి బిగించమనండి.